రాతి సముద్రం కట్టిన మేస్త్రి

మేస్త్రి పోయాడని నాకు కువైట్‌లో, అర్దియాలో ఉండగా తెలిసింది. టైల్స్ గోదాము ముందు హాఫ్ లారీ ఆపుకుని నా వంతు కోసం చూస్తున్నాను. ఆయనతో ఒకప్పుడు ఒకే గదిలో ఉన్న కడప మనిషి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మేస్త్రి లేడబ్బా. మొన్న బండల గనికాడ దగ్గుతా దగ్గుతా కూలబడినాడంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయినాడు." అంతే. ఇంకోసారి పెట్టుకుని విన్నాను. వింటుంటే నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ దవడ మీదికి పోయింది.

ఆ దవడ మీద పడ్డ దెబ్బతోనే మా పరిచయం మొదలైంది.

నాది జగిత్యాల పక్క. అప్పట్లో సులైబియాలో ఒక ముసలి కువైటీ తోటకి డ్రైవర్ని. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం. ఆ చలికాలం బాబా తోటలో ఏదో రాతిపని చేయిస్తున్నాడని, దానికొక మేస్త్రి వచ్చాడని విన్నాను గానీ మనిషిని చూడలేదు. పోర్టు నుంచి రెండో లోడు రాళ్ళు తెచ్చాను. రస్ అల్ ఖైమా నుంచి వచ్చిన సున్నపురాయి. రివర్సు తీస్తుంటే వెనక చక్రం కింద పటుక్కుమంది. బ్రేకు వేసేలోపే తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి కాలరు పట్టి కిందికి లాగింది. ఇంకో చెయ్యి దవడ మీద పడింది. ఇసుకలో బోర్లా పడ్డాను. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"కండ్లు నెత్తిమీద పెట్టుకోని తోల్తాండావా? పొద్దన్నుంచి ఏరి పెట్టుకున్న రాయి అది!"

లేచి కలబడేవాణ్నే. కానీ అప్పటికే ఆయన నన్ను మరిచిపోయాడు. రెండు చెక్కలైన రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి ముఖం మీద ఉమ్మేసి, బొటనవేలితో రుద్దుతున్నాడు. "ఇట్లా రా" అన్నాడు, కొట్టింది ఇంకెవరో అయినట్టు. వెళ్ళాను. రాయి నడిమధ్య గోరంత నత్తగుల్ల, మెలికలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"సూడు. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు. మా కడప నాపరాయి గూడా సముద్రంలో పుట్టిందేనంట. దాంట్లో మాత్రం నలభై ఏండ్లు పగలగొట్టినా ఒక్క గుల్ల సూడలే నేను." ఆ చెక్కని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నెత్తురు తుడుచుకుంటూ ఆ గుల్లని చూస్తూ నిలబడ్డాను.

పాస్‌పోర్టులో ఆయనకి ఏదో పేరు ఉండే ఉంటుంది. ఎవరూ పిలవగా వినలేదు. పొట్టి మనిషి. మెడ భుజాల్లో కూరుకుపోయి ఉండేది. కుడిచేతి చూపుడువేలికి పై కణుపు లేదు, కటింగ్ మిషన్ తినేసింది. ఏ రాయినైనా ముందు నడివేలు కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టి వినేవాడు. మోగితే పక్కన పెట్టేవాడు. మోగకపోతే దాన్ని పుట్టించిన వాళ్ళని కూడా తిట్టేవాడు. పాలు లేని సులైమానీ చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర వేసుకుని నిలబడే తాగేవాడు. రాయి మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మేం కూర్చుంటే తన్నేవాడు.

బాబాకి అప్పటికి డెబ్బై దాటాయి. కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో ఉండేవాడు. అంతకు ముందు ఏటా ఎండాకాలం ఆస్ట్రియా వెళ్ళేవాడు. ఇక్కడి డబ్బున్నవాళ్ళు చాలామంది వెళ్తారు, సరస్సు ఒడ్డున హోటల్లో నెల రోజులుండి వస్తారు. ఈయన మాత్రం సరస్సుకి వీపు పెట్టి, ఉత్తరం దిక్కు కొండల్నే చూస్తూ కూర్చునేవాడని వెంట వెళ్ళిన వంటామె చెప్పేది. ఆల్ప్స్‌లో అదొక సున్నపురాతి కొండల వరస. అక్కడి పేరు ష్టైనర్నెస్ మేర్. బాబా బహర్ అల్ హజర్ అనేవాడు. ఏ భాషలో చెప్పినా అర్థం రాతి సముద్రమే. ఇక వెళ్ళే ఓపిక లేదు కనుక దాన్ని తోటలోనే కట్టించుకోవాలనుకున్నాడు. ముప్పై అడుగుల పొడుగు, శిఖరాల దగ్గర మనిషి ఎత్తు.

వరండా గోడకి పెద్ద పటం తగిలించి ఉండేది. దాని నిండా గోధుమరంగు గీతలు, వేలిముద్రలో గీతల్లా చుట్టలు చుట్టలుగా. కట్టడం మొదలుపెట్టిన రోజు మేస్త్రి దాని ముందు కింద కూర్చుని గంటసేపు కదల్లేదు. తర్వాత నావైపు తిరిగి, "గీతలు ఇరుగ్గా ఉన్నేచోట నిట్టనిలువు, ఎడంగా ఉన్నేచోట సదరం. అంతేనా? అడుగు" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళలో అరబ్బీ వచ్చింది, ఆయనకి పది మాటలకి మించి రావు. అడిగాను. బాబా కుర్చీలో ముందుకి వంగాడు. "ఇంజనీర్లని పిలిపించాను. ఈ ప్రశ్న ఒక్కడూ అడగలేదు" అన్నాడు.

అలా ఆ కొండ నాకూ తెలిసింది. దక్షిణాన పచ్చిక ఊళ్ళ నెత్తిమీద ఒక్కసారిగా లేచిన తెల్లటి గోడ. గోడ అంచున శిఖరాలు, అందులో ఒకటి అచ్చం పిరమిడ్. ఎక్కి చూస్తే అవతల లోయ ఉండదు. మైళ్ళకొద్దీ బోడి రాయి, అలలు లేచి లేచి అక్కడే గడ్డకట్టినట్టు. గాడులు, చీలికలు, అడుగు కనబడని బావుల్లాంటి గుంటలు. ఎంత వాన కురిసినా, ఎంత మంచు కరిగినా పైన చుక్క నిలవదు, రాతి పగుళ్ళలోకి దిగిపోతుంది. ఆ మైదానం ఉత్తరానికి మెల్లగా వాలుతుంది. ఆ వాలులో కొండల మధ్య పళ్ళెంలాంటి గుంట, గుంటలో చిన్న చెరువు. చలికాలం చల్లగాలి ఆ పళ్ళెంలోకి దిగి కదలదట, అడుగున చెట్టు కూడా బతకదట. చెరువుకి బయటికి పారే కాలువ లేదు. నీళ్ళు ఒక మూల రాళ్ళ సందుల్లోంచి గరగరమంటూ భూమిలోకి పోతాయి. ఆ చోటుని దయ్యం తిరగలి అంటారని బాబా చెప్పాడు. ఇంకో శిఖరం పేరు కుక్కచావు.

"కుక్కచావంట!" మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

సిమెంటు వద్దన్నాడు. రాయి మీద రాయి పేర్చడమే, సందులన్నీ వదిలెయ్యడమే. "నీళ్ళు యాడికి బోతాయో చెప్పు, కొండ సంగతి నేను చెప్తా" అనేవాడు రోజుకి పదిసార్లు. సాయంత్రం పని ఆపేముందు మగ్గుతో నీళ్ళు తెచ్చి పైన పోసి, వంగి, అవి ఎక్కడ మాయమై ఎక్కడ తేలుతాయో చూసేవాడు. పటంలో చెప్పినట్టు పోకపోతే ఆ రోజు పనంతా పీకేసేవాడు.

ఆయన కింద ఇద్దరు నిజామాబాద్ కూలీలు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకరైనా దెబ్బ తినకుండా పొద్దుగూకేది కాదు. ఒకసారి ఉలి విసిరాడు. వాళ్ళలో పెద్దాయన చెవి పక్కనుంచి పోయి ఖర్జూరం మొద్దులో దిగింది. ఆ పెద్దాయన నలభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. ఆ తర్వాత మేస్త్రి దగ్గితే కూడా తల వంచుకునేవాడు. నాకు అసహ్యం వేసింది. అడిగేశాను.

"మనిషివేనా మేస్త్రీ? గా ఉలి రెండు వేళ్ళంత ఇవతల పడితే సచ్చిపోతుండె ఆయన."

ఆయన చాయ్ గ్లాసులో చెంచా తిప్పాడు. "మా చెల్లెలు మొగుని కాలు నేనే ఇరగ్గొట్టినా" అన్నాడు. "గనికాడ బండ పక్కకి జరపమంటే జరపలే. గడ్డపార ఇసిరినా. ఈపొద్దుకూ కుంటతాడు ఆయప్ప. మా చెల్లెలు నాతో మాట్లాడదు. అందుకే ఈడికొచ్చినా. ఈడ గూడా చెయ్యి నా మాట ఇనదు." క్షమించమని గానీ, మారతానని గానీ అనలేదు. మర్నాడు మళ్ళీ కొట్టాడు.

కొండ దాదాపు పూర్తయింది. ఒక మధ్యాహ్నం తూజ్, ఇక్కడి ఇసుకగాలి, లేచింది. ఆకాశం ఇటుకరంగయింది, పళ్ళలోకి ఇసుక. కూలీలు షెడ్డులోకి పరిగెత్తారు, మేస్త్రి కొండ దగ్గరే ఉన్నాడు. బాబా మాత్రం తనని కొండ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. ముఖానికి గుడ్డ చుట్టుకుని చేతికర్రతో మైదానం మధ్యలో ఒకచోట తాకాడు.

"ఇక్కడ" అన్నాడు. "నలభై ఏళ్ళ కింద నేనూ మా తమ్ముడూ ఈ రాయి దాటుతున్నాం. దక్షిణం నుంచి ఎక్కాం. ఎండ. ఒక్క సీసా నీళ్ళు మిగిలాయి. నేను ముందు నడుస్తున్నాను. తిరిగి చూస్తే వాడు సీసా ఎత్తి మొత్తం తాగేస్తున్నాడు. కర్రతో మూతి మీద కొట్టాను. పళ్ళు రాలాయి. వాడు నెత్తురు కారుతుండగా వెళ్ళిపోయాడు. అంతలో మబ్బు దిగింది. చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు. మూడు రోజులు వెతికారు. దొరకలేదు."

నేను తెలుగులో చెప్పాను. మేస్త్రి కొండ మీదికి వంగి, కర్ర తాకిన చోట వేలు పెట్టాడు. వేలిని మెల్లగా ఉత్తరానికి, వాలు వెంట జరిపాడు.

"యాడ ఎతికినారంట?"

"దక్షిణాన. గోడ అంచున, కొండెక్కేవాళ్ళు రాత్రి ఆగే గుడిసె చుట్టూ" అన్నాడు బాబా.

"దక్షిణానికి ఎందుకు బోతాడు? అది ఎక్కుడు. నోట్లో నెత్తురు, దప్పిక, మబ్బు. మనిషి పల్లానికి బోతాడు, నీళ్ళు బోయినట్టే. ఈ పక్క. చెరువు పక్క." మేస్త్రి తలెత్తాడు. "దక్షిణం ఎతకమని ఎవురు చెప్పినారు? అడుగు."

అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన మోచేత్తో పొడిచాడు. అడిగాను. బాబా ముఖం మీది గుడ్డ గాలికి ఊడి మెడ మీద కొట్టుకుంటోంది. దాన్ని మళ్ళీ చుట్టుకోకుండానే చెప్పాడు.

"నేనే. ఈ మైదానంలో గొడవ పడ్డామని చెబితే నెత్తురు చూస్తారు, నన్ను పట్టుకుంటారు అనుకున్నాను. గుడిసె దగ్గర విడిపోయామని చెప్పాను."

నేను అది తెలుగులో చెప్పేలోపే మేస్త్రికి అర్థమైపోయింది. ఆయన తన పది మాటల్లోంచి రెండు ఏరుకుని నేరుగా బాబా ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"ఇంత కతల్త."

నువ్వే చంపావు.

కర్ర మేస్త్రి నోటి మీద పడింది. కూర్చున్న మనిషి అంత బలంగా కొట్టగలడని నేను అనుకోలేదు. కింది పెదవి చీలింది. మేస్త్రి పిడికిళ్ళు బిగిశాయి, మెడ నరాలు లేచాయి. ఇద్దరి మధ్యకి దూరాను. రెండు చేతులతో ఆయన ఛాతీ పట్టి ఆపాను. కానీ ఆయన చెయ్యి ఎత్తలేదు. తెల్లరాయి మీద నెత్తురు ఉమ్మేసి, ఇసుకగాలిలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ దెబ్బ మర్నాడు ఇంకొకరి మీద పడింది. కూలీల్లో పెద్దాయన పొద్దున్నే వచ్చి, గాలికి కదిలిన రెండు రాళ్ళ కింద ఇంత సిమెంటు మెత్తాడు. పడిపోతాయని భయపడి చేసిన పని. మేస్త్రి చూశాడు. తలతో ముక్కు మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇరవై అడుగుల దూరంలో వినబడింది. కిందపడ్డ మనిషిని తన్నడం మొదలుపెట్టాడు. నేనూ రెండో కూలీ కలిసి లాగితే మా ఇద్దర్నీ విదిలించి మళ్ళీ వెళ్ళాడు. చివరికి నేను పార కర్రతో ఆయన మోకాలి వెనక కొట్టాను. కూలబడ్డాడు. కూలబడి, తన చేతుల వంక చూసుకుంటూ అలాగే ఉండిపోయాడు.

పోలీసులు వచ్చారు. బాబా వరండాలో ఉన్నాడు. ఆయన ఒక్క మాట చెబితే అక్కడితో ఆగిపోయేది. చెప్పలేదు. కుర్చీ లోపలికి తిప్పించుకున్నాడు. సర్దిచెప్పమని నేనూ అడగలేదు. పెద్దాయన ముఖం చూశాక ఎలా అడుగుతాను?

రెండు వారాల తర్వాత డిపోర్టేషన్ సెంటర్‌లో ఆయన్ని చూశాను. బట్టల సంచి ఇవ్వడానికి వెళ్ళాను. జాలీ అవతల ఇంకా పొట్టిగా కనిపించాడు. నన్ను తిడతాడనుకున్నాను, మోకాలి దెబ్బకి.

"నువ్వు కొట్టింది మంచిదయింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ముసిలాయనకి చెప్పు. ఉత్తరం పక్క ఎతికించమను. సిగ్గు పడితే నష్టం ఆయప్పకే" అన్నాడు. యల్లా యల్లా అని లోపలినుంచి అరిచారు. వెళ్ళిపోయాడు.

చెప్పాను. బాబా వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నన్ను పిలిచి కొండ ఫోటోలు తీయమన్నాడు. పైనుంచి, ఉత్తరం నుంచి, వాలు దగ్గరగా. తన చేత్తో పటం మీద ఎర్రసిరాతో చుక్క పెట్టాడు. వాటిని ఆస్ట్రియాలో తనకి తెలిసిన గైడుకి పంపి, ఫోన్‌లో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. మాట్లాడుతూ ఏడ్చాడు. మంచు కరిగాక చూస్తామని అవతలివాళ్ళు అన్నారట.

జులైలో కబురు వచ్చింది. చుక్క నుంచి చెరువు దిక్కుగా పోయే వాలులో ముగ్గురు మనుషులు గుంట గుంటలోకీ తాళ్ళతో దిగారు. నాలుగో గుంటలో ఎముకలు, ఒక బూటు దొరికాయి. గుంట లోతు రెండు నిలువులే. కాలి ఎముక విరిగి ఉంది. విరిగిన చోట బెల్టుతో గట్టిగా కట్టు కట్టి ఉంది.

ఆ కట్టు సంగతి బాబాకి చెప్పొద్దని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఆయనే రిపోర్టు లాక్కుని చదువుకున్నాడు. పడగానే చచ్చినవాడు కాలికి కట్టు కట్టుకోడు. ఒక రోజో, రెండు రోజులో బతికి ఉన్నాడు. అరిచి ఉంటాడు. రెండు నిలువుల లోతు నుంచి అరిస్తే పైన నడిచేవాళ్ళకి వినబడుతుంది. పైన ఎవరూ నడవలేదు. అందరూ దక్షిణాన ఉన్నారు.

ఎముకలు వచ్చాయి. ఖననం రోజు కారు నేనే నడిపాను. మర్నాడు పొద్దున్నే బాబా తోటకి వచ్చి కుర్చీని కొండ దగ్గరికి తోయించుకుని, సమ్మెట తెమ్మన్నాడు. ఒడిలో పెట్టుకుని ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. దాన్ని నా వైపు నెట్టాడు.

"పగలగొట్టు."

"బాబా, వద్దు. ఆరు నెలల పని ఇది."

"పగలగొట్టు! రాయి మీద రాయి మిగలొద్దు!" గొంతు చీలిపోయింది.

కొట్టాను. మొదట బాధగానే కొట్టాను. పిరమిడ్ శిఖరం వంతు వచ్చేసరికి నా లోపల ఏదో తెగిపోయింది. తెల్లపొడి లేచి కళ్ళలో పడుతున్నా, చిప్పలు ఎగిరి చేతులు కోస్తున్నా ఆపలేదు. ఎవరి మీద కోపమో తెలియదు. ముసలాయన మీదా, మేస్త్రి మీదా, వాళ్ళ మధ్య నిలబడి మాటలు మోసిన నా మీదా. కూలీలు దూరం జరిగి నన్ను చూస్తున్నారు. ఒకప్పుడు మేస్త్రిని చూసినట్టే చూస్తున్నారని సమ్మెట దించాక తెలిసింది. రెండు రోజుల్లో ఖలాస్. ఆ రాళ్ళన్నీ హాఫ్ లారీలో తీసుకెళ్ళి ఎడారిలో పారబోశాను.

ఆ నెలలోనే కడప నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు. ఎముకలు దొరికిన సంగతి ఎవరో ఆయనకి చేరవేశారు.

"నీళ్ళకి ఎంత దూరంలో దొరికినాడంట ఆయప్ప?"

"దగ్గర్నేనట మేస్త్రీ. ఇంకొంచెం నడిస్తే చెరువు కనబడుతుండెనట."

అవతల దగ్గు. చాలాసేపు దగ్గాడు. అబద్ధం చెప్పాలని అంతకు ముందే అనుకున్నాను గానీ, ఆ దగ్గు విన్నాక చెప్పలేకపోయాను.

"కొండ లేదు మేస్త్రీ. బాబా పగలగొట్టమన్నడు. నేనే పగలగొట్టిన. మొత్తం."

తిట్ల కోసం ఫోన్ చెవికి కొంచెం ఎడంగా పట్టుకున్నాను.

"ఏ పక్కనుంచి మొదలుపెట్టినావు?" అన్నాడు.

"ఉత్తరం పక్కనుంచి."

"మంచి పని చేసినావు. దక్షిణం గోడ ఊరికే నిలబెట్టిన రాళ్ళబ్బా. ఆ పక్క కొట్టింటే మొత్తం ఒరిగి మీ మీద పడుండేది." ఊపిరి పీల్చుకున్నాడు. "ఎవురికీ దెబ్బ తగల్లేదు గదా?"